డేరాలక్క కొండెక్కిన ఏడాది

బస్సు డిపో వెనక వీధిలో లారీ పట్టాలు, సీటు కవర్లు కుట్టే దుకాణం ఒకటుంది. లోపల మూడు మిషన్లు. అన్నిటికన్నా బరువైనది, తోలు కూడా కుట్టేది, కిటికీ పక్కన ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా దాని ముందు కూర్చున్నది ఒకే మనిషి. వీధి వీధంతా ఆమెను డేరాలక్క అంటుంది.

ఆ పేరు రావడానికి డ్రిల్లు మాస్టారు కారణం. ఆయన, మందుల షాపాయన, పిల్లల ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు, ఇంకో నలుగురు కలిసి ఏటా ఒక మంచుకొండ ఎక్కుతారు. వెళ్ళే ముందు ఊళ్ళో గడప గడపకీ తిరిగి, ఎక్కిన ప్రతి వంద మీటర్లకీ ఇంత ఇస్తామని జనం చేత మాట ఇప్పించుకుంటారు. వచ్చిందంతా ఆసుపత్రిలోని నడక గదికి వెళ్తుంది. పుట్టుకతోనో, ప్రమాదంలోనో కాళ్ళు పట్టు తప్పిన పిల్లలకు అక్కడ నడక నేర్పుతారు.

పదకొండేళ్ళ కింద ఒకరోజు మాస్టారు చిరిగిన డేరా ఒకటి చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆమె దాన్ని విప్పి, పాత కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"ఎవరు కుట్టారండీ ఇది? మిషన్ మీదా, కోపం మీదా?"

మాస్టారు తల గోక్కున్నాడు. కుట్టింది ఆయనే. డబ్బివ్వబోతే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "పిల్లల పనికి నా దగ్గర కూలి లేదు, తీసుకెళ్ళండి." అప్పట్నుంచీ ఆ బృందం డేరాలన్నీ ఆమె చేతి మీదుగానే కొండకి వెళ్ళాయి.

అలాంటిది పోయినసారి డేరాలు తీసుకెళ్ళడానికి వచ్చిన మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇన్నేళ్ళు కుట్టావు. ఇవి ఎక్కడ నిలబడతాయో ఒక్కసారైనా చూడవా? కింది క్యాంపు దాకా రా అమ్మా. అక్కడిదాకా ఉత్త నడకే."

ఆమె ఫక్కున నవ్వేసింది. బల్బు మార్చడానికి స్టూలెక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. కానీ ఆ మాట బుర్రలో తొలుస్తూనే ఉంది. రాత్రి అన్నం దగ్గర మొగుడితో చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు.

"ధరలు కొండెక్కడం చూశాను గానీ, మా ఆవిడ కొండెక్కడం ఇదే వినడం" అన్నాడాయన.

"ఎగతాళి చాలు గానీ, వెళ్ళమంటారా, వద్దంటారా?"

"వెళ్ళు. పదిహేను రోజులు నా వంట నేనే తిని ఏడుస్తాను."

మర్నాటి నుంచి గుడ్డముక్కలు నింపిన సంచీ వీపున వేసుకుని, వాళ్ళుండే నాలుగంతస్తుల మేడ మెట్లు పొద్దున్నే ఆరుసార్లు ఎక్కి దిగేది. మొదటి అంతస్తు పెద్దావిడ తలుపు తీసి చూసి, "పైన ఏం పోయిందమ్మా, ఇన్నిసార్లు వెతుకుతున్నావు?" అంది. "ఏమీ పోలేదండీ, ఊపిరే పోతోంది" అంది ఈమె రెయిలింగు పట్టుకుని. మూడో వారానికి ఆయాసం తగ్గింది.

బృందంతో కలిసి బయల్దేరాక, కొండదారిలో మూడు రోజులు నడిచి కింది క్యాంపు చేరారు. చుట్టూ రాళ్ళు, ఎదురుగా తెల్లగా కొండ. తను కుట్టిన డేరాలు వరసగా గాలికి ఉబ్బుతూ నిలబడి ఉంటే, పిల్లల్ని బడికి పంపి గేటు దగ్గర నిలబడ్డ తల్లిలా చూస్తూ ఉండిపోయింది.

ఆ సంతోషం రెండు రోజులే. చేరిన మూడో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. వంట డేరా మూల పటపటా కొట్టుకుని, చూస్తుండగానే చిరిగిపోయింది. నలుగురు పరిగెత్తి గుడ్డ పట్టుకున్నారు. ఆమె సూదీ దారం తీసి, చిరిగిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది.

"కుట్టు మాత్రం చెక్కుచెదరలేదమ్మా. గుడ్డే పోయింది" అన్నాడు మందుల షాపాయన, ఆమెకు ధైర్యం చెప్పబోతూ.

ఆమె మొహం మాడిపోయింది. గుడ్డ చిరిగింది సరిగ్గా తను వేసిన మాసిక అంచు వెంబడే. దుకాణంలో బల్ల మీద పరుచుకుని, రెండు పొరల గుడ్డ పెట్టి, నాలుగు వరసలు బిగించి కుట్టింది. గట్టిగా ఉండాలనే కుట్టింది. ఇక్కడ గాలి ఏటవాలుగా లాగుతోంది. బిగిసిపోయిన మాసిక కాస్తయినా సాగక, పక్కనున్న పలచటి గుడ్డని కోసేసింది.

"తప్పు నాదే" అంది పైకే. గుండ్రంగా, వెడల్పుగా ఒకే పొర మాసిక కత్తిరించి, కాస్త వదులుగా కుట్టడానికి రెండు గంటలు పట్టింది. వేళ్ళు కొంకర్లు పోతే చంకల్లో పెట్టుకుని కాచుకుంది. కొత్త మాసిక గాలికి సాగి, మళ్ళీ సర్దుకుంది. పైన ఏముందన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

"మాస్టారూ, పై క్యాంపులో వేసిన రెండు డేరాలూ నేను కుట్టినవేగా?"

"అవును. నిన్నే వేసొచ్చాం. రేపు రాత్రి వాటిలోనే పడుకోవాలి."

"వాటికీ ఇలాగే బిగించాను. నేను పైకి రావాలి."

"ఎలా కుట్టాలో మాకు చెప్పమ్మా, మేమే..."

"మీ కుట్టు నేను చూశాను కదండీ" అంది. మాస్టారు తల గోక్కుని, ఆమెకో నడుం పట్టీ వెతకడానికి లేచాడు.

మర్నాడు పొద్దున ముందు మాస్టారు, వెనక పెద్ద నర్సు, మధ్యలో ఈమె, ముగ్గురూ ఒకే తాడుకి కట్టుకుని బయల్దేరారు; మిగతావాళ్ళు వేరే తాళ్ళ మీద వెనకే వచ్చారు. సగం దారిలో సన్నటి గట్టు వచ్చింది. రెండు పక్కలా పల్లం. ఆమె కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

"కిందకి చూడకండక్కా" అంది నర్సు.

"మరి ఎటు చూడనమ్మా?"

చూడ్డానికి ఇంకేమీ లేక తన నడుముకు బిగించిన పట్టీ వైపు చూసుకుంది. తాడు తగిలించే చోట దారం అడ్డంగా, దగ్గర దగ్గరగా, ఒక్క పోగు తప్పకుండా పడి ఉంది. ఎవరో పని తెలిసిన మనిషి కుట్టింది. ఎక్కడో, ఏ దుకాణంలోనో, బరువైన మిషన్ ముందు కూర్చుని. ఆ మనిషి మీద నమ్మకం ఉంచి ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకోటి.

పై క్యాంపులో రెండు డేరాల పాత మాసికలూ విప్పి, కొత్తవి వేసింది. ఆ సాయంత్రం గాలి మళ్ళీ రేగినా అవి నిలిచాయి. తెల్లవారాక మిగతావాళ్ళు శిఖరానికి వెళ్ళారు. రమ్మంటే, "నా పని అయిపోయిందండీ, మోకాళ్ళు కూడా అదే అంటున్నాయి" అని ఆగిపోయింది. ఎండలో రాయి మీద కూర్చుని, చీమల్లా పాకుతున్న వాళ్ళని చూస్తూ మంచు కరిగించి నీళ్ళు కాచింది. అంత నిశ్చింతగా కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తురాలేదు.

ఇంటికొచ్చాక తెలిసిందేమిటంటే, ఆమె మొగుడు డిపోలో డ్రైవర్లందరి దగ్గరా, ఆమె ఎక్కే ప్రతి వంద మీటర్లకీ ఇంత అని మాట తీసుకున్నాడు. కింది క్యాంపు దాటదన్న ధీమాతో అందరూ ధారాళంగా ఒప్పుకున్నారు. "మీ ఆవిడ మా జేబులకి చిల్లు పెట్టింది కదయ్యా" అని వాళ్ళు గోల పెడుతుంటే, ఆయన మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

ఆసుపత్రిలో చిన్న సభ పెట్టి చప్పట్లు కొట్టారు. తర్వాత నడక గదిలో ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతి కమ్మీ పట్టుకుని నిలబడి అడిగింది.

"పై దాకా వెళ్ళావా అత్తా?"

"లేదమ్మా."

"మరి చప్పట్లెందుకు కొట్టారు?"

"నాకూ అదే అర్థం కాలేదే" అంది ఆమె, నవ్వాపుకోలేక. పిల్ల నడకకి ఆసరాగా తన కాలికి బిగించిన తోలు పట్టీ అంచు ఒరుసుకుంటోందని చూపించింది. చర్మం ఎర్రగా కంది ఉంది. ఆమె ఆ పట్టీని చేతి సంచిలో వేసుకెళ్ళి, అంచుకి మెత్తటి గుడ్డ తిప్పి కుట్టి, సాయంత్రానికల్లా తెచ్చిచ్చింది. అది చూసి మిగతా పిల్లల తల్లులూ తమ పిల్లల పట్టీలు తెచ్చారు.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నాలు ఆమె దుకాణంలో దొరకదు. నడక గది మూల పాత చేతిమిషన్ ఒకటి వేసుకుని కూర్చుంటుంది. వచ్చే కొండకి కూడా పేరిచ్చేసింది, పై క్యాంపు వరకే అని ముందే చెప్పి.