తాళ్ళ అంగడి ముందు మావళి

మొన్న ధర్మపురి బస్టాండులో పెన్నాగరం బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఒక కూరగాయలామె గోనెపట్టను బకెట్టులో ముంచి కొత్తిమీర కట్టల మీద కప్పింది. ఆ తడి గోనె వాసన ముక్కుకు తగలగానే, యాభై దాటి మోకాళ్ళు పట్టేసిన నాలో పదేళ్ళ వయసునాటి అసూయ చక్కగా లేచి కూర్చుంది. మనిషికి వచ్చినట్టు అసూయకు వయసు రాదు కాబోలు. నా అసూయకైతే రాలేదు.

మాది తాళ్ళ అంగడి. కొబ్బరి పీచు తాళ్ళు, కత్తాళ నార పగ్గాలు, తాటాకు చాపలు, ఈత చీపుర్లు, చేటలు, గోనెసంచులు, ఇలా లోకంలో అగ్గిపుల్లకు ఇష్టమైన సరుకంతా ఏరి తెచ్చి మా నాయన ఒకే కప్పు కింద పెట్టాడు. అంగడి ముందు వీధిలోకి దిగిన తాటాకు పందిరి ఒకటి. మమ్మల్ని ఆనుకునే నా ఈడు రాజేశ్వరి వాళ్ళ పాత్రల అంగడి: ఇత్తడి బిందెలు, రాగి అండాలు, పైన సిమెంటు మిద్దె. వాళ్ళ అంగట్లో కాలే వస్తువు ఏదైనా ఉందంటే అది వాళ్ళ తాత కూర్చునే మెత్త ఒక్కటే. అందుకే ఆ ఇంటికి కార్తీకమంటే పండగ, మా ఇంటికి కార్తీకమంటే కావలి.

ఐప్పసి నెల వానలు పలచబడి, పొద్దున మంచు దిగి, ఎండ మెత్తబడే ఆ రోజుల్లో మా వీధి బతుకంతా వాకిట్లోకి వచ్చేది. మూడు రాళ్ళ పొయ్యి మీద పచ్చి వేరుశనక్కాయలు ఉడికేవి, బెల్లం పాకంలో బొరుగులు కలిపి ఆడవాళ్ళు చేతులు కాలుతున్నా ఉండలు చుట్టేవాళ్ళు, దోమలకు వేసిన వేపాకు పొగ అందరి జుట్టుకూ పట్టేది. మిగతావాళ్ళకు అది మంచి వాసన. మా అవ్వకు మాత్రం, మహేంద్రమంగళంలో తన పుట్టింటి గడ్డివామి ఒక్క పొయ్యి రవ్వతో బూడిదైన నాటి వాసన. ఎవరు వాకిట్లో పొయ్యి రాజేసినా అవ్వ వెళ్ళి గుప్పెడు దుమ్ము పైకి విసిరి గాలి ఎటు పోతోందో చూసి, పొయ్యిని అటుకో ఇటుకో జరిపించేది. కార్తీక దీపం నాడు పాత్రల అంగడి నుంచి నాలుగు అండాలు ఎరవు తెచ్చి నిండా నీళ్ళు పోయించి మా గడప ముందు పెట్టించేది, తాటాకు పందిరిని మధ్యాహ్నం నుంచి మూడుసార్లు తడిపించేది.

ఇంత కాపలా మావళి భయానికి. తాటి పూగెలను, అంటే మగ తాటిచెట్టు పూల కాడలను, గుంటలో కాల్చి, మట్టి కప్పి, బొగ్గు చేసి, దంచి, పాతగుడ్డలో బిగించి పొట్లం కట్టి, తాటిమట్ట చీలికల మధ్య ఇరికించి, తాడు కొసకు కట్టేవాళ్ళు. పొట్లం మీద ఒక నిప్పుకణిక పెట్టి తల చుట్టూ తిప్పితే, చిన్న చిన్న బంగారు రవ్వలు గుండ్రంగా పూస్తాయి. దీపాలు పెట్టే వేళ వీధి పొడుగునా అలాంటి చక్రాలే. వాటికి తాడు ఎక్కడిదంటే మాదే. కార్తీకం నాడు వీధిలోని పిల్లలంతా మా గడప ముందు వరుస కట్టేవాళ్ళు. అవ్వ ఒక్కో తాడు నీళ్ళలో నానబెట్టి, "ఎనక్కి తిరిగి తిప్పొద్దు, గాలికి ఎదురు తిప్పొద్దు, మా పక్కకి రావద్దు" అని చెప్పి ఇచ్చేది. ఊరందరికీ తాడిచ్చే ఇంట్లో పుట్టిన నాకు మాత్రం మావళి లేదు. నాకు ఒక తడి గోనెపట్ట ఇచ్చి, పందిరి కింద బల్ల ఎక్కించి, ఎగిరి వచ్చే రవ్వల మీద కన్నేసి ఉండమనేవాళ్ళు.

అక్కడ నిలబడి నేను చూసింది రవ్వల్ని కాదు, రాజేశ్వరిని. దాని పావడా తిరిగేది, జడ తిరిగేది, చుట్టూ నిప్పుపూలు తిరిగేవి. నా మోచేతుల నుంచి గోనె నీళ్ళు కారేవి. నా పదో ఏట ఇక తట్టుకోలేక, పెద్దవాళ్ళు లోపల దీపాలు సర్దుకుంటుంటే, బేరానికి దిగాను.

"రాజీ, ఒక తూరి నాకియ్యవే."

"నువ్వు కావలి గదమ్మే. పో, నీ గోనెసాక్కు పట్టుకో."

"నీ తాడు చూడు, పీచు ఎట్ల లేచిపోయి ఉండాదో. మంచి కత్తాళ పగ్గం ఇస్తా."

"నాకెందుకు? తాడుండాది."

"నా బల్ల ఎక్కి చూడవే, వీధంతా కనపడతాది. ముప్పై సుట్లు, అంతే."

"పది."

"పాతిక."

"పదైదు. ఇష్టముంటే చూడు."

"సరి" అన్నాను. అంగడివాళ్ళ బిడ్డను, ఎనిమిదికైనా ఒప్పుకునేదాన్నని దానికి తెలియనివ్వలేదు. అది గోనెపట్ట పట్టుకుని బల్ల ఎక్కింది, నేను మావళి పట్టుకుని వీధిలోకి దిగాను. మొదటి చుట్టు తిప్పగానే చెవుల పక్కన గాలి చీలిన చప్పుడు, ముఖానికి వెచ్చదనం. ఆ సంతోషం చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.

"పదైదు అయిపాయ, ఇచ్చెయ్!" అని అరిచింది రాజి.

"కొసరు!" అని అరిచాను నేను.

"మావళికి కొసరేందే?"

ఏది పుచ్చుకున్నా పైన ఇంకొంచెం అడగకుండా మా ఇంట్లో ఎవరూ ఎక్కడి నుంచీ లేచి రారు. తిప్పుతూనే ఉన్నాను. దుమ్ము విసిరి గాలి చూసుకోలేదు, మా పందిరి వైపు ఎప్పుడు జరిగానో చూసుకోలేదు. పొట్లం గుడ్డ వదులై, రవ్వల గుంపు ఒకటి విడిపోయి పైకి లేచింది.

నాకు తెలిసేసరికి రాజి బల్ల మీద మునివేళ్ళపై లేచి, పందిరి అంచును తడి గోనెతో బాదుతోంది. "అగ్గి! అగ్గి!" అని దాని కేక. మూడుసార్లు తడిపిన తాటాకు కూడా ఒక మూల పొడిగానే ఉండిపోయింది, అక్కడే అంటుకుంది. మా నాయన ఆ మూలను ఊడబెరికి కింద పడేశాడు, అండాలన్నీ దాని మీద కుమ్మరించారు. తర్వాత నాయన లోపలికి వెళ్ళి, వేలాడే తాళ్ళ చుట్టల్లో ఒక్కోదానిలో చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ పోయాడు. చివరి చుట్టా చూసి, అంగట్లో నేల మీద కూలబడ్డాడు. మా నాయన అలా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ ఒక్క అంగడే మా అన్నం.

నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. అవ్వ నా వంతు బొరుగుల ఉండలన్నీ రాజి ఒళ్ళో పోసి, దాని తల నిమిరి, "ఈ పాపకుండే కన్ను మన పాపకి లేకపాయ గదా" అంది. మరుసటి ఏడు కార్తీకానికి, కావలికి రాజిని పిలిపించింది. ఏళ్ళ తరబడి నేను అసహ్యించుకున్న ఆ బల్ల, ఆ గోనె, దాని చేతిలోకి పోగానే నాకు సింహాసనమైపోయాయి. మావళి తిప్పినప్పుడూ గొప్ప దానిదే, అంగడి కాపాడినప్పుడూ దానిదే. ఉండలు నమిలే ఆ బుగ్గలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇప్పుడు మా అంగడి మీద సిమెంటు కప్పు. పందిరి పోయింది, దాన్ని తడిపించిన అవ్వా పోయింది. తాళ్ళన్నీ నైలాన్. మొరప్పూరు వైపు తాటిచెట్లు పలచబడి, పూగెలు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. కార్తీకం నాడు వీధిలో కరెంటు దీపాలు మెరుస్తాయి. గాలి ఎటు వీస్తోందో ఎవరికీ అవసరం లేదు.

బస్టాండు నుంచి ఇంటికి వచ్చి హోసూరులో ఉన్న రాజికి ఫోన్ చేశాను. మోకాళ్ళ సంగతులు అయ్యాక, ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. "ఆ రవ్వ నీకెట్ల కనపడిందే? తిప్పిన నాకే కనపడలేదు."

రాజి నవ్వింది.

"ఓర్వలేకే చూస్తిని. నా చేతిలో ఏనాడూ అంత పెద్ద సుట్టు తిరగలేదు. ఒక్కో రవ్వ ఎంత దూరం పోతాదో, నాకంటే ఎంత ఎక్కువో, అదే చూస్తా ఉంటిని. మీ అంగడిని ఎవురు చూసిరి?"

ఆ మాటకు కళ్ళు చెమర్చాలి, స్నేహం గురించి ఏదో ఒకటి అనాలి. నేను ఫోన్‌కు స్పీకరు పెట్టి, పక్క గదిలోంచి మా ఆయన్ని సైగ చేసి పిలిచి, "సరిగా ఇనపడలేదే రాజీ, ఇంకో తూరి చెప్పు" అన్నాను.