మేకుకు తగిలించిన కార్డు

చిన్నప్పుడు బొగ్గుబావికి నాన్న సద్ది మోసే పని నాది. బడి గంట కొట్టే వేళకు నేను బావి గేటు దగ్గర నిలబడి ఉండేదాన్ని. అందుకే అప్పట్లో చదువుకోలేకపోయాను. యాభై దాటాక, మా బావి క్వార్టర్ల ఆడవాళ్ళకు పెట్టిన సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటిదాకా ఎదుటివాళ్ళు ఏం చదివి వినిపిస్తే దానికే వేలిముద్ర వేశాను. ఆ రోజుల అనుమానం ఇంకా పోలేదు.

మొన్న బతుకమ్మ ముందు నా కుట్టు మిషను మోటారు కాలిపోయింది. ఇరుగుపొరుగువాళ్ళ జాకెట్లు పద్నాలుగు కత్తిరించి పెట్టుకున్నాను. గోదావరిఖని బజారులో మిషన్లు బాగుచేసే ఆయన జ్వరంతో మంచం పట్టాడు. పక్కింటావిడ ఫోను పట్టుకుని వచ్చింది.

"గీ యాప్‌ల బుక్ చెయ్యి అక్కా. ఇంటికే వస్తరు. మొదటిసారి చూసుడు ఫిరీ."

"నువ్వెప్పుడన్న చేయించినవా?"

"లే. నువ్వు చేరితే నాకో కూపన్ వస్తది," అని నవ్వింది.

"గందుకా నా మిషను మీద గింత ప్రేమ!"

వేరే దారి లేక బుక్ చేయించాను. చూడటం ఫ్రీ అయినా, రిపేరు డబ్బు ముందే యాప్ కంపెనీకి వెళ్ళింది. ఫోనుకు నాలుగంకెల నంబరు వచ్చింది. దాని కింద రాసింది కూడబలుక్కుని చదివాను. పని పూర్తయ్యాకే నంబరు చెప్పాలి, చెప్పాకే పనివాడికి డబ్బు అందుతుంది, తేడా వస్తే డబ్బు వాపసు. డబ్బు సరే, మిషను పోతే మిషను ఎవరిస్తారు? అది ఎక్కడా రాయలేదు.

సాయంత్రం ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మోటారు విప్పి చూసి, మిషను మంచిర్యాలలో తన షాపుకు తీసుకుపోవాలన్నాడు.

"రేపు పొద్దుగాల తెస్త. ఆ నంబర్ జర ఇప్పుడే చెప్పు అవ్వా."

"పని కాలే గద?"

"ఇయ్యాల్నే అయినట్టు చూపిస్తే నాకు పైన కొంత ఇస్తరు. నీకు గూడ గిఫ్ట్ పాయింట్లు వస్తయి."

అంటే ఇద్దరికీ ఆశ పెట్టారు. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

"నంబర్ చెప్ప. మిషను తీస్కపోతే, బదులు నువ్వేం పెట్టిపోతవ్?"

అతనికి అర్థం కాలేదు. మా ఆయన బొగ్గుబావిలో డ్యూటీ చేసినన్నాళ్ళూ, టోపీ లైట్లు ఇచ్చే లాంప్ రూంలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, లైటు తీసుకుని బావిలోకి దిగేవాడు. బిళ్ళ గోడకు ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. పైకొచ్చి లైటు అప్పగిస్తేనే బిళ్ళ చేతికొచ్చేది. ఇతని మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతోంది.

"గా కార్డు ఇచ్చిపో," అన్నాను.

"కార్డు లేకుంటే ఇంకో ఇంట్ల పని చేయనియ్యరు అవ్వా!"

"మిషను లేకుంటే నాకు గూడ పని లేదు."

గొణుక్కుంటూ తీసిచ్చాడు. మేకుకు తగిలించాను. కుర్చీలోంచి మా ఆయన నవ్వాడు: "నిన్ను లాంప్ రూంల డ్యూటీకి పెట్టుకోవాల్సుండె!"

బండికి మిషను కట్టుకుని అతను పోయాక కార్డు మీది పేరు చదివాను. ఫోటో అతనిదే. కానీ ఇలాంటి కార్డు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. పడుకునేలోపు మూడుసార్లు తీసి చూశాను.

మర్నాడు ఎనిమిది కాకముందే వచ్చాడు. మిషను బిగించి కార్డు కోసం చెయ్యి చాపాడు. "ఆగు," అని చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాను. చేతులతో, హుక్కుల పట్టీతో సహా ఒక జాకెట్టు మొత్తం కుట్టాను. అతను ఎన్నిసార్లు టైం చూసుకున్నా తల ఎత్తలేదు. దారం తెగలేదు, మోటారు వేడెక్కలేదు. అప్పుడు నంబరు చెప్పి, కార్డు అతని చేతిలో పెట్టాను.

పక్కింటావిడ గడపలోకి వచ్చి, "నమ్మొచ్చా అక్కా?" అంది.

"ఈ పిలగాడైతే మంచోడే. యాప్ సంగతి నాకింక తెల్వది," అని రెండో జాకెట్టు అందుకున్నాను.