ముసురునాడు కొన్న డ్రమ్ము

కుక్కరు కూత వేసినప్పుడల్లా మా అటక మీద ఏదో సన్నగా గరగరమంటుంది. కొత్తవాళ్లు ఎలుక అనుకుంటారు. ఎలుక కాదు, మా ఆయన సైడు డ్రమ్ము. దాని కింది తోలుకు ఆనించి సన్నని తీగలు బిగించి ఉంటాయి. దగ్గర్లో గట్టిగా చప్పుడైతే అవి వణికి బదులు పలుకుతాయి. ఇవాళ పొద్దుటి నుంచి ముసురు. ఈ ముసురులోనూ అది పలికేసరికి నర్సయ్య తాత గుర్తుకొచ్చాడు.

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు. నాంపల్లిలో మాది ఒకటే గది, గోడ అవతల తాతది. నిజాం ఫౌజు బ్యాండులో డ్రమ్ము వాయించిన మనిషి, ఫౌజు ఎత్తేశాక ఇంట్లో కూర్చున్నాడు. చేతులు వణికేవి. చాయ్ సాసరులో పోసుకుంటే సగం లుంగీకే పోయేది. స్టేషనులో మూటలు మోసే మా ఆయన మల్లేశానికి డ్రమ్ము నేర్పింది ఆయనే. పెళ్లి బ్యాండులో చోటు కూడా దొరికింది కానీ, మాస్టరు ఒక మాట ఖరాఖండిగా చెప్పాడు: "శ్రావణం పడేలోపల సొంత డ్రమ్ము తెచ్చుకో. లేకుంటే నీ జాగాల ఇంకొకన్ని పెట్టుకుంట." అప్పటికే ఆషాఢం సగం అయిపోయింది.

ఆబిడ్స్ వెనక గల్లీలో పాత సామాన్ల దుకాణానికి ముగ్గురం వెళ్లాం. మూడు డ్రమ్ములున్నాయి. ఒకటి ఇత్తడిది, ముఖం చూసుకోవచ్చు. మా ఆయన దాని మీద కర్ర వేస్తే గల్లీ అంతా తిరిగి చూసింది.

"గిదే తీస్కుందాం" అన్నాను.

తాత ఎండ వైపు చూశాడు. "వాన పడ్డనాడు వద్దాం బిడ్డా."

"ఏంది తాతా, డ్రమ్ముకు వానతోని ఏం పని?"

"ఎండల ప్రతి తోలు బిగుసుకొని మంచిగనే పలుకుతది. ముసుర్ల వదులైతది, గప్పుడు అసలు గుణం తెలుస్తది. పెండ్లి ఊరేగింపు ఎండ సూస్కొని వస్తదా?"

వాన రాలేదు. పూటకు పదిసార్లు బయటికొచ్చి ఆకాశం చూసేదాన్ని. కూరగాయల వంక పెట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచి, ఇత్తడిది ఉందో పోయిందో చూసొచ్చేదాన్ని. ఒకరోజు అది లేదు. ఇంటికొచ్చి, గోడ అవతలికి వినబడాలనే గిన్నెలు ఎత్తి పడేశాను.

"గిన్నెలు గూడ మంచిగనే పలుకుతున్నయ్ బిడ్డా" అన్నాడు తాత అటు నుంచి. నాకు నవ్వు రాలేదు.

శ్రావణానికి మూడు రోజులుందనగా ముసురు పట్టింది. తాత తడుస్తూనే మా తలుపు కొట్టాడు. దుకాణానికి వెళ్లేసరికి సేటు మిగిలిన రెండు డ్రమ్ములనూ కుంపటి పక్కన పెట్టి వెచ్చబెడుతున్నాడు.

"ఏం సేటూ, సలి పెడుతున్నదా వీటికి?" అని తాత వాటిని చూరు కిందికి జరిపించాడు. అరగంట అలాగే కూర్చున్నాం. మా ఆయన కర్రలు తీయబోతే ఆపి, తాత నన్ను పిలిచాడు.

"దీని మీదికి వంగి మాట్లాడు."

"నేనా? ఏం మాట్లాడాలె?"

"కడుపుల ఏమున్నదో గది."

చెప్పొద్దూ, నా ముందున్నది సొట్టలు పడి రంగు లేచిపోయిన డ్రమ్ము. చూడగానే ఒళ్లు మండింది. "మంచిది పాయె! మూడొద్దులల్ల శ్రావణం! నా పెనిమిటి మల్ల మూటలు మోస్తడు, నువ్వేమో సొట్టమొకందానివి!" అన్నాను. ప్రతి మాటకూ తీగలు గరగరమన్నాయి. దుకాణమంతా ఒకటే నవ్వు.

"రెండోదాన్ని గూడ గట్లనే తిట్టు" అన్నాడు తాత.

తిట్టాను. అది కిక్కురుమనలేదు.

"గింత ముసుర్ల గూడ నీకు ఎదురుజెప్పేది గా సొట్టదే. తీస్కో."

ఆ సాయంత్రం మాస్టరు ఇంటి అరుగు మీద, జల్లు కొడుతుండగానే మా ఆయన వాయించాడు. పక్కవాడి డ్రమ్ము తడిసిన గోనెసంచిని కొట్టినట్టుంటే, మాది వేయించిన శనగల్లా చిటపటలాడింది. మాస్టరు తలూపి, "జాగా నీదే" అన్నాడు. తాత ఓ మూల కూర్చున్నాడు. మోకాలి మీద ఆ వణికే వేళ్లు ఒక్క దెబ్బా తప్పలేదు.

ఇత్తడిది ఎవరు కొన్నారో, ముసురులో ఎలా పలికిందో మాకు తెలియదు. తాతను అడిగితే, "గది గూడ మంచిదేనేమో బిడ్డా, ఎవనికెరుక" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

తాత లేడు, మా ఆయనా లేడు. కిరాయికి ఇల్లు చూడాలంటే మాత్రం వాన పడేదాకా ఆగుతాను. పిల్లలు నవ్వుతారు. అలాగని నా తొందర పోలేదు. ఇవాళ కూడా కుక్కరు రెండో కూతకే దించేద్దామని చెయ్యి చాచాను. పైనుంచి గరగరమంది. చెయ్యి ఆగింది.