సర్వ మీది పేరు

మా హాస్టల్ వంట పెద్దమ్మ చనిపోయిన సంగతి ఆ రోజు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "వంట స్టాఫ్ ఒకరు చనిపోయారు. ఈరోజు టిఫిన్ ఉండదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం." పేరు లేదు. కింద ఎవరో "లంచ్ ఉంటుందా?" అని అడిగారు. మూడేళ్లు నాకు వండిపెట్టిన మనిషికి ఆ మూడు వాక్యాలు చాలవు. అందుకే ఇది రాస్తున్నాను.

నానక్‌రామ్‌గూడలో, ఆఫీసు టవర్ల వెనక సందులో ఉంటుంది మా హాస్టల్. చేరిన మొదటి వారం వంటగది గుమ్మంలో నిలబడి, "ఒక గిన్నె ఇస్తారా అండీ?" అని పెద్దమ్మను అడిగాను.

"ఏ గిన్నె?"

వేలు చూపించాను.

"గది గిన్నెనా? గది గంజు. దాని పక్కది బగోన. అన్నిటినీ గిన్నె అంటే ఎట్ల బిడ్డా? నిన్ను మీ ఆఫీసుల 'ఓ మనిషీ' అని పిలుస్తరా?"

లోపల కూరలు తరిగేవాళ్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మా కాన్వెంటు గోడ మీద బొమ్మల చార్టు ఉండేది. జగ్, మగ్, కెటిల్. మా ఇంట్లో ఏనాడూ లేని కెటిల్‌కు స్పెల్లింగ్ వచ్చు నాకు. అన్నం ఉడికే పాత్రకు పేరు రాదు. ఆ చదువు మీద కోపం అప్పుడు మొదలైంది, ఇంకా తగ్గలేదు.

తర్వాత ఆదివారాలు వంటగదిలో పీట వేసుకుని కూర్చునేదాన్ని. పెరుగు తోడేసే చిన్న మట్టిపాత్ర గురిగి. వాళ్ల ఊళ్లో వడ్లు పోసుకునే వెదురు బుట్ట గుమ్మి. చెప్పేటప్పుడు చేతులతో ఆకారం గీసేది. గుమ్మికి మాత్రం లేచి నిలబడేది. అది మనిషెత్తు ఉంటుందట.

అక్కడ ఆమెదంటూ ఉన్నది ఒకటే, ఇత్తడి సర్వ. గుండ్రటి పొట్ట, పైన చిన్న మెడ. పెండ్లికి తల్లి పెట్టింది. మాలో ఎవరికి జ్వరమొచ్చినా అందులోనే జావ కాచేది. "తాగు, ఫికర్ చెయ్యకు" అని పక్కనే నిలబడేది, ఖాళీ అయ్యేదాకా.

మొన్న వేసవిలో మేనేజర్ సామాన్ల లిస్టు రాస్తూ ప్రతి పాత్రకూ నంబరు స్టిక్కర్ అంటించాడు.

"దానికొద్దు సార్. అది నాది. పేరు కొట్టిచ్చి ఉన్నది, సూడుర్రి."

"జర ఆగు పెద్దమ్మా. లిస్టుల ఉంటే యాడికీ పోదు" అంటూ సరిగ్గా ఆ పేరు మీదే అంటించాడు. వి-14.

నేను కంచం పట్టుకుని అక్కడే ఉన్నాను. అన్నం పెట్టించుకుని వెళ్లిపోయాను. ఆ పేరేమిటో కూడా చూడలేదు.

ఆమె పోయిన తొమ్మిదో రోజున కూతురు వంటగదికి వచ్చింది. దగ్గరి టవర్‌లో హౌస్‌కీపింగ్ పని, యూనిఫాంతోనే వచ్చింది.

"ఎల్లుండి అమ్మ దినం సార్. ఆమెకు పెట్టే బువ్వ ఈ సర్వల్నే వండాలె. తీస్కపోత."

"లిస్టులో ఉందమ్మా. హాస్టల్ సామాను ఎట్ల ఇస్తా? బిల్లుందా?"

"పెండ్లికి పెట్టినదానికి బిల్లెక్కడుంటది సార్?"

ఆయన ఫోన్ చూసుకోసాగాడు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆఫీసు మీటింగుల్లో కూడా చాట్‌లో టైపు చేస్తాను. ఆ రోజు మాత్రం పైకే అన్నాను. "స్టిక్కర్ కింద పేరుంది. మీరు అంటించడం నేను చూశాను."

"మీకెందుకు మేడమ్?"

 సర్వను ఒళ్లో పెట్టుకుని స్టిక్కర్ గోటితో గీకాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"అమ్మ పేరు చెప్పక్కా" అన్నాను. కూతురు చెప్పింది. నేను పైకి చదివాను. అదే.

"సరే, తీసుకుపో" అన్నాడాయన, తలెత్తకుండా.

మేనేజర్ మీద కోపం ఉంది. అంతకంటే ఎక్కువ నా మీద ఉంది. వంటగదిలో ప్రతి పాత్ర పేరూ ఆమె నాకు నేర్పింది. ఆమె పేరు నేను ఒక్కసారీ అడగలేదు. ఇక్కడ ఆ పేరు రాయడం లేదు, రాయవచ్చా అని కూతురిని ఇంకా అడగలేదు కాబట్టి.

సందు చివర షేర్ ఆటో దాకా కూతురికి తోడు వెళ్లాను. ఆమె ఎక్కి సర్వను ఒళ్లో పెట్టుకుని, ఇంకా జిగురు పోని ఆ పేరు మీద అరచెయ్యి ఉంచింది. ఎదుటి సీటు ఆవిడ మోకాళ్లు ముడుచుకుని సర్వకు చోటిచ్చింది.