సుగుణ విమానంలో ఉన్న గంట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు చిన్నప్పట్నుంచీ నవ్వే. బాపట్లలో హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. అందుకే నలుగురూ ఏమనుకుంటారో అని, ఇప్పుడు చెప్పబోయే ఈ సంగతి చాలాకాలం బయట పెట్టలేదు.

తొంభైల మొదట్లో రేపల్లెలో మా అమ్మకి జబ్బు ముదిరింది. రెండ్రోజులుగా కళ్లు తెరవలేదు. మా చెల్లెలు సుగుణ బొంబాయిలో నర్సు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "రేపు పొద్దున పదింపావు విమానానికి టికెట్ దొరికింది అన్నయ్యా. వస్తున్నానని అమ్మకి చెప్పు" అంది. తను విమానం ఎక్కడం అదే మొదటిసారి.

బొంబాయి నుంచి హైదరాబాదుకి గాల్లో ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు. గంటా పావు ప్రయాణం. అక్కణ్ణుంచి మా ఊరికి బస్సులో ఎంత లేదన్నా ఎనిమిది గంటలు. బస్సుల కోసం ఆగడం కూడా కలిపితే ఎలా చూసినా రాత్రి తొమ్మిదవుతుంది. అమ్మ చెవిలో చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

మర్నాడు పదకొండింటికి వంటింట్లో జావ కాస్తున్నాను. ముందుగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "వచ్చావా తల్లీ" అంటోంది. గుమ్మం దగ్గరికొచ్చి చూశాను. సుగుణ మంచం అంచున కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఆకుపచ్చ చీర. అమ్మ సుగుణనే చూస్తూ నవ్వుతోంది.

ఆ క్షణంలో నాకు భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. హమ్మయ్య, అందుకుంది అనుకున్నానంతే. జావ గ్లాసులో పోసుకుని వచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది. కళ్లు మూసుకుంది. మొహం తేటగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు టైము. వీధిలోకి పరిగెత్తాను. ఎదురింటి మరియమ్మ పిన్ని అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. నేను నోరు తెరవకముందే, "సుగుణొచ్చిందిగా నాయనా. చేతిలో సంచన్నా లేదేంటి?" అంది. ఎటు వెళ్లిందని అడిగితే, లోపలికి వెళ్లడమే చూశానంది.

మూడింటికి అమ్మ పోయింది.

సుగుణ తొమ్మిది దాటాక తెనాలి నుంచి వచ్చే బస్సు దిగింది. ఒంటి మీద పసుపు చీర. "నాకోసం చూసిందా అన్నయ్యా?" అంటూ నా భుజం పట్టుకుని ఒకటే ఏడుపు.

భూస్థాపన అయిన మూడోరోజు ఉండబట్టలేక సుగుణకి అంతా చెప్పేశాను. విమానం టైముకే లేచిందట. పదకొండింటికి గాల్లోనే ఉంది. నిద్రపట్టిందా, కలేమన్నా వచ్చిందా అని అడిగాను.

"లేదన్నయ్యా. భయంతో సీటు పట్టుకుని మెలకువగానే కూర్చున్నా. నాకేం తెలియలేదు" అంది. తర్వాత మెల్లిగా అడిగింది. "అమ్మ నిజంగా నవ్విందా?"

"నవ్విందమ్మా" అన్నాను.

ఆ తర్వాత అది మళ్లీ ఆ ఏడుపు ఏడవలేదు.

పట్టపగలు ముగ్గురం చూశాం. మరియమ్మ పిన్ని పోయేదాకా మాట మార్చలేదు. నేనూ మార్చను. అక్కడ కూర్చున్నది ఎవరో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.