ఒత్తుకు చోటు లేదు

తెలుగు అక్షరం ముత్యంలా ఉంటుందని సభల్లో చెప్పేవాళ్లకు మా అనకాపల్లిలో కొదవ లేదు. సభ అవగానే వాళ్లే ఫోనులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఆ ముత్యం కోసం కళ్లు పాడుచేసుకున్నవాడు బెల్లం మార్కెట్ దగ్గర డీటీపీ షాపు నూరుద్దీన్ ఒక్కడే.

పెళ్లికార్డుల అక్షరాల సోకులు చూసి చూసి విసిగి, స్క్రీను మీద చదవడానికని సొంతంగా ఒక ఫాంటు గీశాడు. గీతంతా ఒకే మందం. తోకలు లేవు, మెలికలు లేవు. ఆ అక్షరాలు ఒక్క బస్సులోనైనా వెలగాలని అతని కోరిక. వినయం మాత్రం లేదు. ఎవరి బోర్డు చూసినా "ఇది అక్షరమా, జిలేబీయా?" అంటాడు. అందుకే పని ఇచ్చేవాళ్లూ లేరు.

చివరికి అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు బస్సులు తిప్పే ధనరాజ్ ఒప్పుకున్నాడు. రాబోయే స్టాపు పేరు చూపించే స్క్రీన్లు తెచ్చాడు. అవి ఇంగ్లీషు అక్షరం ఎత్తుకు చేసినవి. మొదటిరోజే లైను కిందికి దిగే ఒత్తులన్నీ తెగిపోయాయి. తుమ్మపాల 'తుమపాల' అయింది. అనకాపల్లి 'అనకాపలి' అయింది.

"లైను ఎత్తు పెంచు," బస్సెక్కి చూసి అన్నాడు నూరుద్దీన్.

"పెంచితే ఇంగ్లీషుకి చోటుండదు. ఒత్తు లేకపోతే బస్సు ఆగిపోద్దేటి భాయ్?"

"స్క్రీను పైన నీ పేరు చూడు. ధ కింద ఒత్తు తెగి దనరాజ్ అయిపోయేవు."

"మాయమ్మ అలాగే పిలుత్తాది. ఇంకేటి?"

బస్సంతా నవ్వింది.

నూరుద్దీన్ అక్షరాల్ని కుదించి, ఒత్తుల్ని లైనులోకి ఇరికించి తెచ్చాడు. మందుల కంపెనీలో సీసాలు కడిగే దేముడమ్మ కళ్లు చికిలించింది. "ఏటి బాబూ, సీమలు పాకినట్టున్నాయి. ఎవులు సదువుతారు?"

ధనరాజ్ తేల్చేశాడు. "ఒత్తులు తెగినా సరే ఉంచమంటావా, తెలుగు తీసీమంటావా?"

"తీసెయ్."

తీసేశారు. ఆ మాట తెలిసి సభల పెద్దమనుషులు నూరుద్దీన్‌కి శాలువా కప్పి భాషావీరుడన్నారు. ఆ సన్మానం ఆహ్వానపత్రం ఫోనుల్లో తిరిగింది, ఇంగ్లీషు అక్షరాల్లోనే.

ఆ వారంలోనే షిఫ్టు దిగి వస్తూ దేముడమ్మ బస్సులో కునుకు తీసింది. మెలకువ వచ్చి స్క్రీను చూస్తే అంతా ఇంగ్లీషే. తుమ్మపాల దాటిపోయి, చీకట్లో వెనక్కి నడిచి ఇల్లు చేరింది. మర్నాడు షాపుకొచ్చి నిలదీసింది.

"నీ తెగిపోయిన అచ్చరాలే ఉంచాల్సింది బాబూ. తుమపాల అంటే మా ఊరని నాకు తెలదేటి?"

"తప్పు రాసింది చదవకూడదమ్మా."

"నడిసింది నువ్వు కాదు కదా," అని వెళ్లిపోయింది.

నూరుద్దీన్ కంప్యూటరు వైపు తిరిగి, మ ఒత్తుని లైను దాటించి ఇంకొంచెం కిందికి దించాడు.