మూడు వందల మంది కూర

ఆ ఇంటి పిల్లను అందరూ గరిటె అనేవారు. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తొచ్చేది కాదు. తోటి పిల్లలు బొమ్మలకు జడలు వేసుకుంటుంటే, ఈ పిల్ల తన బొమ్మను పొయ్యి గట్టు మీద కూర్చోబెట్టి "ఉప్పు సరిపోయిందా? మొహమాటపడకుండా చెప్పు" అని నిలదీసేది. తొమ్మిదేళ్ళు నిండకుండానే చపాతీపిండి తడపడం, ఉల్లిపాయ సన్నగా తరగడం, పాలు పొంగే ముందు క్షణాన్ని పసిగట్టడం వచ్చేశాయి. లెక్కలు మాత్రం రాలేదు. దానికి వాళ్ళ నాన్నే కారణమని అమ్మ అభిప్రాయం.

నాన్న లిఫ్టులు బాగుచేసేవాడు. అమ్మ బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. నాయనమ్మ ఒక పెద్ద కర్మాగారం క్యాంటీన్‌లో జీవితమంతా వంట చేసి, పని మానేసి వీళ్ళ దగ్గరికి వచ్చింది. ఆవిడ చేతులు గట్టివి, గొంతు ఇంకా గట్టిది. "వరస!" అని ఒక్క కేక వేస్తే కిటికీ మీద పావురాలు కూడా సర్దుకుని కూర్చునేవి.

అలాంటి వంటమనిషికి ఆ ఇంట్లో వంటగది ప్రవేశం లేదు. కారణం లేకపోలేదు. వచ్చిన కొత్తలో కోడల్ని సంతోషపెడదామని ఆవిడ చిక్కుడు గింజల కూర వండింది. క్యాంటీన్‌లో మూడు వందల మందికి వండిన చెయ్యి కదా, తగ్గించడం చేతకాలేదు. ఉన్న గిన్నెలన్నీ నిండాయి, బకెట్లు నిండాయి, చివరికి పూలకుండీ ఒకటి కడిగి అందులో కూడా పోసింది. అమ్మ పక్కింటికి పంచింది. పక్కింటావిడ పై అంతస్తుకు ఇచ్చింది. పై అంతస్తువాళ్ళు, ఖాళీ గిన్నె తిప్పి పంపితే ఏం బాగుంటుందని, అదే కూర నింపి వీళ్ళకే పంపారు. మింగలేక కక్కలేక వారమంతా అదే తిన్నారు. ఆ తర్వాత అమ్మ "అత్తయ్యా, జీవితమంతా కష్టపడ్డారు, ఇక మీరు హాల్లో కూర్చోండి" అని ఎంతో మర్యాదగా వంటగదికి గడియ పెట్టింది.

అయితే ఆ వారంలో విసుక్కోకుండా తిన్నది గరిటె ఒక్కతే. ఆ రుచి ఆ పిల్ల నాలుక మీద ఇల్లు కట్టుకుంది. ఒకరోజు నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని అడిగింది.

"నాయనమ్మా, ఆ కూర నాకు నేర్పవా?"

"మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానే అది. అప్పట్లో చిన్న గిన్నెలోనే చేసేవాళ్ళం. క్యాంటీన్‌లో చేరాక గోరంతను కొండంత చేశాను. ఇప్పుడు ఆ గోరంత ఎలా ఉండేదో గుర్తే లేదు."

"పోనీ కొండంతే చెప్పు. ఉప్పు ఎంత?"

"చిన్న బకెట్టుకు కాస్త వెలితిగా."

"ఉల్లిపాయలు?"

"ఒక బస్తా. తరగడానికి ఇద్దరు, ఏడవడానికి ఇద్దరు."

గరిటె నాన్నను పిలిచింది. నాన్న చెవి మీద పెన్సిలు తీసి, లిఫ్టులో ఎంతమంది ఎక్కితే తాడు తెగుతుందో లెక్కగట్టినంత శ్రద్ధగా కూర్చున్నాడు. మూడు వందల మందిని నలుగురు చేసేసరికి గింజలు దోసెడు వచ్చాయి, బాగానే ఉంది. వెల్లుల్లి రెబ్బన్నర వచ్చింది, అదీ సరే. జాజికాయ దగ్గర బండి ఆగింది.

"అమ్మా, జాజికాయలు ఎన్ని వేసేదానివి?"

"అంతమందికీ ఒక్కటే."

నాన్న చాలాసేపు పెన్సిలు కొరికి, "గరిటమ్మా, గిన్నెకు ఒకసారి జాజికాయ చూపించి డబ్బాలో పెట్టెయ్" అన్నాడు.

గిన్నెకు జాజికాయ చూపించి కూర వండారు. నాయనమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"బావుంది," అంది. "ఎవరిదీ కూర?"

గరిటె పట్టు విడవలేదు. మర్నాడు ఉల్లిపాయలు పెంచింది, ఆ మర్నాడు టమాటాలు తగ్గించింది, ఇంకోరోజు గింజలను రాత్రంతా కాకుండా పగలంతా నానబెట్టింది. నాయనమ్మ రోజూ రుచి చూసి, "పాపం, బానే చేశారు ఎవరో" అనేది. ఈలోపు ఎండు గింజలు రోజూ తినడంవల్ల వచ్చే ఇబ్బందులు వచ్చాయి. నాన్నతో పాటు లిఫ్టులోకి దిగాల్సిన కుర్రవాడు "సార్, నేను మెట్ల మీద వస్తాను" అనడం మొదలుపెట్టాడు. బట్టల దుకాణంలో అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగితే భయపడి మళ్ళీ తొక్కేది.

చివరికి గరిటెకు ఒకటి తోచింది. కొండ ఎలా ఉంటుందో చూడకుండా గోరంత ఎలా చేస్తాం? నాయనమ్మ చేత మళ్ళీ మూడు వందల మందికి వండించాలి, తను పక్కనే ఉండి చూడాలి. అమ్మ వద్దంది. నాయనమ్మ అప్పటికే లేచి చీర కొంగు బిగించింది.

ఆదివారం పొద్దున్నే మేడ వెనక ఖాళీ జాగాలో, విందు సామాన్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర తెచ్చిన గంగాళం పొయ్యి మీదికి ఎక్కించారు. గరిటె వీధి వీధంతా తిరిగి తలుపులు కొట్టి, "మా నాయనమ్మ కోసం అందరూ రావాలంట, గిన్నె తెచ్చుకోండి" అని ఒక్క గుక్కలో చెప్పి పరిగెత్తింది. పిల్ల చెప్పిన తీరుకు సగంమంది పుట్టినరోజనుకుని బెలూన్లతో వచ్చారు. మిగతా సగం ఇంకోలా అర్థం చేసుకున్నారు. కింది అంతస్తు పళ్ళ డాక్టరు తెల్లబట్టలు వేసుకుని, తల దించుకుని వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దావిడ మంచి మనిషండీ. ఎప్పుడు జరిగింది? బాధపడ్డారా?"

"ఎవరు బాధపడేది?" అంటూ ఆ పెద్దావిడే గంగాళం వెనకనుంచి వచ్చి, ఆయన చేతికో కత్తి, ఒళ్ళోకి గంపెడు ఉల్లిపాయలు ఇచ్చింది. "వచ్చినవాడివి ఊరికే ఏడవడమెందుకు? ఇవి తరుగుతూ ఏడు."

డాక్టరు కూర్చుని తరిగాడు. పళ్ళు పీకినంత జాగ్రత్తగా ఒక్కో పొర తీస్తుంటే, "ఆ ఉల్లిపాయకు మత్తుమందు కూడా ఇస్తావా? కానివ్వు!" అని ఆవిడ గదమాయించింది.

నూనె కాగింది. బస్తా ఉల్లి అందులో పడింది. లేచిన పొగకు నాలుగు అంతస్తుల్లోనూ కిటికీలు టపటపా మూసుకున్నాయి. అవతలి వీధిలో ఎవరో మేడ తగలబడుతోందని ఫోను చేశారు. నాన్న కళ్ళద్దాలు తను పెట్టుకుని, ఎత్తుపీట ఎక్కి, గంగాళంలోకి తొంగిచూస్తున్న గరిటెకు అగ్నిమాపక బండి గంట వినపడనే లేదు. ఆ పిల్ల చూపంతా గంగాళం అడుగున ఉంది.

"నాయనమ్మా! అడుగు మాడిపోతోంది!"

"గట్టిగా అనకే," అని నాయనమ్మ చుట్టూ చూసింది. "ఇంత గిన్నెలో మాడక చస్తుందా? పైవి మగ్గేలోగా కిందవి నల్లబడతాయి. తెడ్డుతో ఒక్క తిప్పు తిప్పితే ఏది ఏదో ఎవడికి తెలుస్తుంది?"

"మరి మీ అమ్మమ్మ చిన్న గిన్నెలో?"

"ఆవిడ గిన్నెకు అడుగెక్కడిదే? ఉల్లిపొరంత రేకు. రోజూ మాడేది, రోజూ మా తాతయ్య అరిచేవాడు, రోజూ గిన్నె నాకి మరీ..." ఆవిడ తెడ్డు ఆగిపోయింది. అవ్వా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంతలో గొట్టాలు పట్టుకుని అగ్నిమాపక సిబ్బంది లోపలికి దూసుకొచ్చారు. "మంట ఎక్కడ?" అని అరిచాడు వాళ్ళ అధికారి.

"పొయ్యి కింద. ఇంకెక్కడుంటుంది నాయనా?" అంది నాయనమ్మ. "ఆ గొట్టం ఇటు తిప్పావంటే ఊరుకోను, కూర పల్చనవుతుంది. టోపీలు తీసి చేతులు కడుక్కోండి. వరస!"

ఏమైందో వాళ్ళకే తెలియదు, వరసలో నిలబడ్డారు. గిన్నెలు లేవు కనక ఇనుప టోపీలే చాచారు. వీధి వీధంతా తింది. బెలూన్లు తెచ్చినవాళ్ళు, తెల్లబట్టల్లో వచ్చినవాళ్ళు పక్కపక్కనే కూర్చుని తిన్నారు. కళ్ళు వాచిన డాక్టరు మూడుసార్లు వడ్డించుకుని, "ఇలాంటి చావులు నెలకొకటి ఉండాలండీ" అనేసి నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు గరిటె రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో ఉల్లిపాయలు నెమ్మదిగా మగ్గుతున్నాయి. పాత రేకు మూకుట్లో ఒక పిడికెడు ఉల్లి కావాలని మాడుతోంది. వాసన తగిలి అమ్మ నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చింది.

"మాడుతోందే!"

"మాడాలమ్మా!"

"వంటింట్లో మాడాలని ఏ తల్లి కన్న పిల్లయినా అంటుందా! ఏమండీ, ఇటు రండి!"

నాన్న వచ్చి అమ్మ చేతిలో చెంబు పట్టుకున్నాడు. అమ్మ వదల్లేదు. ఆ పెనుగులాటలో నీళ్ళు నాన్న నెత్తిన పడ్డాయి, కూర మాత్రం బతికిపోయింది. మాడిన ఉల్లిని మగ్గిన ఉల్లిలో కలిపి, గింజలు పోసి, జాజికాయ ఈసారి చూపించి ఊరుకోకుండా రెండు గీతలు గీరి వేసింది గరిటె.

నాయనమ్మ ఒక చెంచా తింది. రెండోది తింది. ఎవరిదని అడగలేదు. కంచం మరోసారి నింపుకుని, అదీ ఖాళీ చేసి, వేలితో తుడిచి, అప్పుడు తలెత్తింది.

"ఉప్పు కాస్త తక్కువ," అంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు.

ఆ కూరను ఎక్కడైనా రాసి పెట్టుకోమని నాన్న సలహా ఇచ్చాడు. గరిటె ఒప్పుకోలేదు. ఎంత మాడాలో కాగితం వాసన చూసి చెబుతుందా? అందుకని ఒక్కొక్కరినీ పొయ్యి దగ్గర నిలబెట్టి నేర్పింది. అమ్మ నేర్చుకుంది, చెంబు బయట పెట్టి వచ్చాకే. నాన్న నేర్చుకున్నాడు. డాక్టరు కూడా వచ్చి నేర్చుకున్నాడు, ఆయన ఉల్లి తరగడంలో అప్పటికే చెయ్యి తిరిగినవాడు. గరిటె పంతులమ్మగా మహా కఠినం. తొందరపడి మంట తగ్గించినవాళ్ళను మళ్ళీ మొదటి ఉల్లిపాయ నుంచి మొదలుపెట్టించేది.

పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్న నాన్న అక్కకు ఈ సంగతి తెలిసి ఫోను చేసింది. గరిటె ఫోనులోనే పాఠం చెప్పింది.

"నల్లబడుతున్నాయే కోడలా, దింపేయనా?"

"ఇంకా ఉంచు అత్తా."

"ఇల్లంతా పొగే! మీ మామయ్య బాల్కనీలోకి పారిపోయాడు!"

"అయితే ఇంకొక్క నిమిషం. ఆయన దగ్గితే దింపు."

ఫోనులోనుంచి దగ్గు వినిపించింది. గిన్నెలు కదిలాయి, గింజలు ఉడికాయి, ఈలోగా అత్త ఊసులన్నీ చెప్పింది. తర్వాత చెంచా చప్పుడు. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అత్తా, ఏడుస్తున్నావా?"

"లేదే. ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు తరగడం అయిపోయి గంటైంది కదా," అంది గరిటె, దయాదాక్షిణ్యాలు లేకుండా.

నాయనమ్మ ఫోను లాక్కుంది. "పిల్లా, మిగిలింది ఎవరికీ పంచకు. తిరిగి నీ ఇంటికే వస్తుంది," అని చెప్పి పెట్టేసింది.